నెట్ తెగిపోవడానికి గోడలోని పాత ఫోన్ తీగే కారణమా?

సంక్షిప్తంగా: బ్రిటన్‌లో రాగి తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్ మాటిమాటికీ తెగుతుంటే, తప్పు వీధిలోని లైన్‌ది కాక, ఇంట్లో పక్కగదులకు ఫోన్ లైన్ పంచే పాత ఎక్స్‌టెన్షన్ వైరింగ్‌ది కావచ్చు. గంట మోగడానికి వేసిన మూడో తీగ, ఎవరూ వాడని పక్కగది సాకెట్, చిలుము పట్టిన అతుకు అనే మూడూ మూడు వేర్వేరు పద్ధతుల్లో సిగ్నల్‌ను చెడగొడతాయి. తప్పు ఇంట్లోనిదా బయటిదా అన్నది మాస్టర్ సాకెట్ (బయటి లైన్ ఇంట్లోకి వచ్చి చేరే మొదటి సాకెట్) వెనకున్న టెస్ట్ సాకెట్‌తో తేలిపోతుంది. ల్యాండ్‌లైన్ ఫోన్లు రౌటర్‌కు మారుతున్నాయి కనుక ఈ పాత తీగలతో చాలా ఇళ్లలో ఇక పనిలేదు. పనిలేకున్నా, విడదీసేదాకా అవి చెరుపు చేస్తూనే ఉంటాయి.

ఇప్పుడు ఈ చర్చ ఎందుకు

బ్రిటన్‌లో పాత టెలిఫోన్ వ్యవస్థకు గడువు పడింది. రాగి తీగ మీద ఎక్స్ఛేంజ్ నుంచి నేరుగా నడిచే ల్యాండ్‌లైన్‌ను 2027 జనవరి ఆఖరుకల్లా మూసేయాలని నిర్ణయం. మొదట 2025 డిసెంబర్ అనుకున్నారు. మెడలో వేసుకునే అత్యవసర అలారం మీద ఆధారపడిన వృద్ధులు, రోగులు ఇబ్బంది పడకూడదని 2024లో గడువు పొడిగించారు. 2023 సెప్టెంబర్ నుంచి పాత పద్ధతి ల్యాండ్‌లైన్లు కొత్తగా ఇవ్వడం ఆపేశారు. కొత్త పద్ధతిలో ఫోన్‌ను గోడ సాకెట్‌కు కాక రౌటర్ వెనక గుచ్చాలి.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ల్యాండ్‌లైన్ పోతోందంటే రాగి తీగ కూడా పోతోందని అనుకుంటున్నారు. పూర్తి ఫైబర్ వేయించుకున్న ఇళ్ల విషయంలో అది నిజమే. కానీ వీధి చివరి ఆకుపచ్చ క్యాబినెట్ దాకా ఫైబర్, అక్కడి నుంచి ఇంటిదాకా రాగి ఉన్న కనెక్షన్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఫోన్ మాట రౌటర్‌లోకి మారినా, ఇంటర్నెట్ మాత్రం అదే పాత తీగ మీద, అదే పాత సాకెట్ గుండా వస్తుంది. ఈస్ట్‌హామ్, హౌన్స్‌లో, స్లౌ, రెడింగ్ వంటి చోట్ల పాత ఇళ్లలో అద్దెకుంటూ ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే తెలుగువారికి ఇది నేరుగా తగిలే విషయం. ఆ ఇంట్లో ముప్ఫై నలభై ఏళ్లుగా ఎవరెవరో వచ్చి పడకగదికో సాకెట్, వంటింటికో సాకెట్ వేసి పోయి ఉంటారు. ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఇంటి యజమానికే తెలియదు.

నెట్ ఆగినప్పుడు మొదటి అనుమానం కంపెనీ మీదికి, రెండోది రౌటర్ మీదికి పోతుంది. ఇంకా పెద్ద ప్లాన్ తీసుకుంటే బాగుపడుతుందన్న ఆశ మూడోది. గోడలోని తీగ ఎవరికీ గుర్తురాదు. బయట వీధిలో కిలోమీటరు తీగ బాగానే ఉండి, ఇంట్లోని పది మీటర్లు మొత్తాన్ని పాడుచేయడం అసాధ్యంగా కనిపిస్తుంది. అది ఎలా సాధ్యమో తెలియాలంటే ఆ జత తీగ చేసే పని తెలియాలి.

ఒక జత తీగ మీద వేల పాయలు

మనిషి మాట వినిపించడానికి 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు ఉన్న భాగం చాలు. ఆ పైన ఖాళీగా ఉన్న జాగాను డీఎస్ఎల్, అంటే ఫోన్ తీగ మీదే ఇంటర్నెట్ పంపే పద్ధతి, వాడుకుంటుంది. అందులో పాత రకమైన ఏడీఎస్ఎల్2+ 2.2 మెగాహెర్ట్జ్ వరకు పోతుంది. క్యాబినెట్ నుంచి వచ్చే కొత్త రకం వీడీఎస్ఎల్2 బ్రిటన్‌లో 17.6 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది. ఇంత వెడల్పును ఒకే ప్రవాహంగా వదలరు. పెద్ద కాలువ నీటిని పిల్లకాలువల్లోకి మళ్లించినట్టు, 4.3125 కిలోహెర్ట్జ్ చొప్పున వందల, వేల పాయలుగా విడదీస్తారు. లైన్ కలిసే ముందు మోడెమ్ ఒక్కో పాయలో సిగ్నల్ ఎంత ఉంది, రొద ఎంత ఉంది అని కొలుస్తుంది. బాగున్న పాయకు ఒక్కో విడతకు 15 బిట్ల దాకా అప్పగిస్తుంది. రొద ఎక్కువైన పాయకు రెండో మూడో ఇస్తుంది. మరీ చెడిన పాయను వదిలేస్తుంది.

రొద శక్తి రెట్టింపైతే, అంటే 3 డెసిబెల్స్ పెరిగితే, ఒక్కో పాయ సుమారు ఒక బిట్టు కోల్పోతుంది. ఏడీఎస్ఎల్2+లో డౌన్‌లోడ్‌కు దాదాపు 480 పాయలు, సెకనుకు 4,000 విడతలు. అన్ని పాయలూ పనిచేసే లైన్‌లో ఒక్కో బిట్టు తగ్గినా సెకనుకు 19 లక్షల బిట్లు పోయినట్టే. అంటే దాదాపు 2 మెగాబిట్ల వేగం. పాయల సంఖ్య ఎక్కువ కాబట్టి వీడీఎస్ఎల్2లో నష్టం ఇంకా పెద్దది.

వేగం తగ్గడం వేరు, తెగిపోవడం వేరు. హఠాత్తుగా వచ్చే రొదను తట్టుకోవడానికి మోడెమ్ కొంత జాగా మిగుల్చుకుంటుంది. దీన్నే నాయిస్ మార్జిన్ అంటారు. సాధారణంగా 6 డెసిబెల్స్. రొద ఆ మార్జిన్‌ను తినేస్తే మోడెమ్ చేతులెత్తేస్తుంది. అన్ని పాయలనూ కొత్తగా కొలిచి, మళ్లీ కలవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. వీడియో మీటింగ్ మధ్యలో మనిషి మాయమైపోయేది ఆ నిమిషాల్లోనే.

గంట తీగ తెచ్చే చిక్కు

ఫోన్ లైన్‌లో రెండే తీగలు. ఒకదాని చుట్టూ ఒకటి మెలివేసి ఉంటాయి. బయటి రొద రెండింటి మీదా సమానంగా పడుతుంది. మోడెమ్ చూసేది రెండింటి మధ్య తేడాను మాత్రమే. కాబట్టి సమానంగా పడిన రొద దానంతటదే కొట్టుకుపోతుంది. గ్రాహం బెల్ 1881లోనే పేటెంట్ పొందిన ఉపాయమిది. నేటికీ రాగి మీద నడిచే నెట్ అంతా దీని మీదే ఆధారపడింది. షరతు ఒక్కటే: రెండు తీగలూ అన్ని విధాలా సమానంగా ఉండాలి.

బ్రిటన్ ఇళ్లలో ఆ సమానత్వం చెడేది మూడో తీగ దగ్గర. 1981లో ప్లగ్-సాకెట్ పద్ధతి తెచ్చినప్పుడు, మాస్టర్ సాకెట్‌లో 1.8 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టి, దాని గుండా గంట మోగించే తీగను వేరుగా ఎక్స్‌టెన్షన్లకు పంపారు. ఒక గదిలో ఫోన్ డయల్ తిప్పుతుంటే మరో గదిలో గంట టింగుటింగుమనకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. అప్పటి ఫోన్లకు అది అవసరం. ఇప్పటి ఫోన్లలో ఎక్కువ వాటికి గంట మోగించే సర్క్యూట్ లోపలే ఉంటుంది. వాటికి రెండు తీగలు చాలు.

ఆ కెపాసిటర్ గంట సిగ్నల్‌ను ఒకలా, ఇంటర్నెట్ సిగ్నల్‌ను మరోలా చూస్తుంది. గంట సిగ్నల్ 25 హెర్ట్జ్. ఆ స్థాయిలో కెపాసిటర్ దాదాపు 3,500 ఓముల అడ్డు వేస్తుంది. అదే కెపాసిటర్ ఒక మెగాహెర్ట్జ్ దగ్గర వేసే అడ్డు ఓములో పదో వంతు కూడా లేదు. అంటే డీఎస్ఎల్ దృష్టిలో కెపాసిటర్ లేనట్టే. గంట తీగ జతలో ఒక్కదానికే నేరుగా అతికించినట్టే. ఇల్లంతా పాకిన ఆ ఒంటరి తీగకు జోడు లేదు. అది గాలిలోని రొదను ఏరియల్ లాగా పట్టి జతలో ఒక వైపుకే చేరవేస్తుంది. ఒక వైపే పడిన రొద కొట్టుకుపోదు.

సూర్యుడు గూట్లో పడ్డాకే నెట్ తెగుతోందని ఏడీఎస్ఎల్ వాడేవారు చేసే ఫిర్యాదుకు ఒక కారణం ఇదే. మీడియం వేవ్ రేడియో 526 నుంచి 1,606 కిలోహెర్ట్జ్ మధ్య నడుస్తుంది. అది సరిగ్గా ఏడీఎస్ఎల్ పాయల నడుమ. చీకటి పడగానే మీడియం వేవ్ తరంగాలు పై వాతావరణానికి తగిలి వంగి, వందల కిలోమీటర్ల దూరం వినిపిస్తాయి. పగలు లేని పరాయి దేశపు స్టేషన్లు రాత్రి రేడియోలో వినిపించడం పాతతరం శ్రోతలకు బాగా తెలిసిందే. రేడియో పట్టుకునేదాన్నే గంట తీగ కూడా పట్టుకుంటుంది. సాయంత్రం అందరూ ఒకేసారి నెట్ వాడటం వల్ల నెమ్మదించడం వేరే సమస్య. అప్పుడు వేగం తగ్గుతుంది గానీ లైన్ తెగదు. రౌటర్ మీది బ్రాడ్‌బ్యాండ్ లైటు ఆరిపోయి మళ్లీ వెలుగుతోందా లేదా అని చూస్తే ఈ రెండింటి తేడా తెలుస్తుంది.

భారతదేశంలో ఈ గంట తీగ చిక్కు లేదు. మన రోజెట్ బాక్సులోకి వచ్చేవి రెండు తీగలే. అక్కడి తిప్పలు వేరు.

చివర ఖాళీగా ఉన్న సాకెట్

రెండో లోపం మరింత మందికి నమ్మశక్యం కాదు. పక్కగది సాకెట్‌లో ఏదీ గుచ్చలేదు. కానీ అక్కడికి పోయే తీగ లైన్‌కు కలిసే ఉంది. సిగ్నల్ ఆ కొమ్మలోకి కూడా పారుతుంది. చివర ఏమీ లేక వెనక్కి తిరిగి వస్తుంది. వచ్చిన ప్రతిధ్వని అసలు సిగ్నల్‌తో ఎదురుబొదురుగా కలిసినప్పుడు రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఏ పౌనఃపున్యం దగ్గర ఇది జరుగుతుందో కొమ్మ పొడవు నిర్ణయిస్తుంది. తీగలో సిగ్నల్ సెకనుకు సుమారు 20 కోట్ల మీటర్లు పోతుంది. ఆ వేగాన్ని కొమ్మ పొడవుకు నాలుగు రెట్లతో భాగిస్తే గుంట పడే చోటు వస్తుంది. 10 మీటర్ల కొమ్మకు 5 మెగాహెర్ట్జ్. దాని మూడింతల దగ్గర, అంటే 15 మెగాహెర్ట్జ్ వద్ద, మరో గుంట.

ఏడీఎస్ఎల్2+ 2.2 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి 10 మీటర్ల కొమ్మను అది పెద్దగా పట్టించుకోదు. వీడీఎస్ఎల్2కు మాత్రం ఆ రెండు గుంటలూ దారిలోనే పడతాయి. పైగా బ్రిటన్‌లో వాడే విభజనలో 3.75 నుంచి 5.2 మెగాహెర్ట్జ్ భాగం అప్‌లోడ్‌ది. సినిమా చక్కగా నడుస్తూ, మీటింగ్‌లో మాత్రం ఇటువైపు గొంతు అటువాళ్లకు ముక్కలు ముక్కలుగా వినిపించే ఇళ్లలో ఈ కొమ్మను అనుమానించాల్సిందే. ఏడీఎస్ఎల్ నుంచి ఫైబర్-క్యాబినెట్ ప్లాన్‌కు మారాక ఆశించిన వేగం రాని ఇళ్లలోనూ అంతే. పాత సాంకేతికత భరించిన వైరింగ్‌ను కొత్తది భరించలేదు.

చిలుము పట్టిన అతుకు

మూడో లోపం ఆంధ్ర, తెలంగాణలలో బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్ మీద నెట్ వాడినవారికి బాగా పరిచయం. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో ఏడీఎస్ఎల్ మొదలుపెట్టింది. అప్పటి బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు ఉంటే అది బ్రాడ్‌బ్యాండే. స్తంభం మీది డీపీ పెట్టె నుంచి నల్లటి డ్రాప్ వైరు గాలిలో ఇంటిదాకా వచ్చేది. చూరు కింద దాన్ని ఇంట్లోని సన్నటి వైరుతో మెలివేసి, పైన టేపు చుట్టేవారు. ఎండకు టేపు జిగురు కారి ఊడేది. వానకు లోపల నీళ్లు చేరేవి. విప్పి చూస్తే రాగి మీద పచ్చటి చిలుము, వేలికి అంటే పొడి. ఫోన్‌లో గరగర మొదలైన రోజే నెట్ కూడా నడుస్తూ ఆగుతూ ఉండేది. లైన్‌మన్ వచ్చి ఆ కాస్త ముక్క కత్తిరించి, తీగను చాకుతో గీకి మళ్లీ మెలివేస్తే రెండూ ఒకేసారి బాగయ్యేవి.

బ్రిటన్‌లోనూ ఇదే రసాయనం. చిలుము పట్టిన అతుకు సిగ్నల్‌కు అడ్డుపడటమే కాక, గాలికి కదిలినా ఎండకు వేడెక్కినా మారుతూ ఉంటుంది. దీనికొక విచిత్రమైన గుర్తు ఉంది. పాత పద్ధతి ల్యాండ్‌లైన్‌లో ఫోన్ ఎత్తి మాట్లాడుతున్నంతసేపూ నెట్ కుదురుగా ఉండి, పెట్టేశాక మళ్లీ చెడుతుంది. ఫోన్ ఎత్తినప్పుడు తీగలో పారే విద్యుత్తు ఆ చిలుము పొరను తాత్కాలికంగా ఛేదించడమే కారణం. ఇందుకు భిన్నంగా, ఫోన్ ఎత్తగానే నెట్ పోతే ఆ ఫోన్‌కు మాటను, నెట్‌ను వేరుచేసే ఫిల్టర్ లేదన్నమాట, లేదా ఉన్న ఫిల్టర్ చెడిపోయిందన్నమాట. భారతదేశంలో స్ప్లిటర్‌కు (అదే పని చేసే పెట్టెకు) ముందే ప్యారలల్ లైన్ తీసిన ఇళ్లలో కనిపించింది ఇదే.

ఒకసారి చెడితే రోజుల తరబడి ఎందుకు

బ్రిటన్‌లో లైన్లను కంపెనీ వైపు ఒక ఆటోమేటిక్ వ్యవస్థ కనిపెట్టుకుని ఉంటుంది. దాని పేరు డైనమిక్ లైన్ మేనేజ్‌మెంట్. లైన్ తరచూ తెగినా, తప్పులు పెరిగినా అది మార్జిన్ పెంచుతుంది లేదా వేగానికి పరిమితి పెడుతుంది. లైన్ నిలకడగా ఉండాలన్నదే దాని లక్ష్యం. సమస్య తీరాక పరిమితి ఎత్తేయడానికి మాత్రం అది తొందరపడదు. కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు చూస్తుంది.

నెట్ నెమ్మదించినప్పుడల్లా రౌటర్ ఆపి మళ్లీ వేయడం అందుకే నష్టం. ఆ ఆపడాన్ని కూడా అది లైన్ తెగడం కిందే లెక్కగట్టవచ్చు. తీగ సరిచేసిన సాయంత్రమే వేగం పెరగలేదని నిరాశపడటం కూడా తగదు. ముందుగా ఆగాల్సింది తెగడం. వేగం ఆ తర్వాత మెల్లగా వస్తుంది.

టెస్ట్ సాకెట్ ఏం తేలుస్తుంది

అన్నిటికంటే ముందు వైఫైని పక్కన పెట్టాలి. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి రెండు రోజులు చూస్తే, తెగుతున్నది లైనా వైఫైయా అన్నది స్పష్టమవుతుంది. వైఫై తప్పయితే ఇక్కడ చెప్పిందేదీ దానికి మందు కాదు. లైన్ తప్పయితే రౌటర్ సెట్టింగ్స్ పేజీలో సింక్ స్పీడ్ (లైన్ కలిసిన వేగం), నాయిస్ మార్జిన్, లైన్ ఎన్నాళ్లుగా కలిసి ఉంది అన్న మూడు అంకెలు రాసి పెట్టుకోవాలి.

తర్వాత మాస్టర్ సాకెట్. ముఖం మీద అడ్డంగా గీత ఉండి రెండు భాగాలుగా కనిపించే రకమైతే, కింది సగానికి రెండు స్క్రూలు ఉంటాయి. వాటిని విప్పి ఆ సగాన్ని ముందుకు లాగితే, వెనక కుడివైపు మరో సాకెట్ కనిపిస్తుంది. అదే టెస్ట్ సాకెట్. ఆ సగం పలక ఊడి రావడంతోనే ఇంట్లోని ఎక్స్‌టెన్షన్లన్నీ లైన్ నుంచి విడిపోయినట్టే. ఫిల్టర్ పెట్టి రౌటర్‌ను అక్కడ గుచ్చి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. తెగడం ఆగినా, మార్జిన్ స్పష్టంగా పెరిగినా తప్పు ఇంటి వైరింగ్‌దే. ఏ తేడా లేకపోతే లోపం బయట ఉంది. లేదా రౌటర్, ఫిల్టర్లలో ఉంది. ఆ రెండింటినీ మార్చి చూడటం తేలిక. పాత ల్యాండ్‌లైన్ ఇంకా పనిచేస్తుంటే 17070కి ఫోన్ చేసి 2 నొక్కితే నిశ్శబ్దం వినిపించాలి. గరగర వినిపిస్తే ఆ లైన్‌కు వైద్యం కావాలి.

ఈ పరీక్షకు డబ్బు పరంగా కూడా విలువుంది. ఇంజినీర్ వచ్చి లోపం ఇంటి వైరింగ్‌లోనే ఉందని తేల్చితే, కంపెనీలు వినియోగదారుడికే చార్జీ వేయవచ్చు. అదే టెస్ట్ సాకెట్‌లో కూడా నెట్ తెగుతోందని అంకెలతో చూపగలిగితే భారం కంపెనీ మీద పడుతుంది. 2019 మార్చి నుంచి అమల్లో ఉన్న, బ్రిటన్ టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నియమావళికి ఒప్పుకున్న కంపెనీల దగ్గర, హామీ ఇచ్చిన కనీస వేగం రాకపోతే సరిచేయడానికి 30 రోజులు గడువు. అప్పటికీ కాకపోతే వినియోగదారుడు జరిమానా లేకుండా ఒప్పందం వదులుకోవచ్చు.

ఏం విడదీయాలి, ఏది ముట్టకూడదు

ఊడదీసిన సగం పలక వెనక చిన్న చిన్న పళ్లలాంటి టెర్మినళ్లు, వాటి పక్కన అంకెలు ఉంటాయి. 2, 5 అంకెల దగ్గర నీలం-తెలుపు జత. 3 దగ్గర నారింజ మీద తెల్లని కట్లున్న తీగ ఉంటే అదే గంట తీగ. దాన్ని ఒక్కదాన్నే లాగేస్తే మొదటి లోపం తీరిపోతుంది. ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. రంగులు అన్ని ఇళ్లలో ఒకేలా ఉండవు కనుక అంకెనే నమ్మాలి. విప్పే ముందు ఒక ఫొటో తీసుకోవడం మంచిది.

గంట తీగ తీసినంత మాత్రాన రెండో లోపం పోదు, కొమ్మ అలాగే ఉంటుంది. ఎక్స్‌టెన్షన్లతో ఇంకా పని ఉన్న ఇంటికి ఫిల్టర్ ఉన్న ముఖపలక సరైనది. అది మాస్టర్ దగ్గరే మాటను, నెట్‌ను విడదీస్తుంది. ఎక్స్‌టెన్షన్లకు మాట మాత్రమే పోతుంది. ఒక్కో ఫోన్‌కు ఒక్కో ఫిల్టర్ తగిలించడం కంటే ఇది చాలా నయం. ఎక్స్‌టెన్షన్లతో పని లేకపోతే 2, 5 తీగలను కూడా పలక నుంచి తీసేసి, కొసలకు టేపు చుట్టి వదిలేయవచ్చు.

రౌటర్ మాత్రం మాస్టర్ పక్కనే ఉండాలి. హాల్లో సాకెట్, పైఅంతస్తులో ఆఫీసు గది ఉన్న ఇంట్లో చాలామంది దుకాణంలో దొరికే బల్లపరుపు ఫోన్ వైరును మెట్ల వెంట పైకి లాగుతారు. ఆ వైరులో తీగలకు మెలి ఉండదు. ఇంతదూరం మెలితిరిగి వచ్చిన జత సరిగ్గా చివరి పదిహేను మీటర్లలో రక్షణ కోల్పోతుంది. రౌటర్‌ను కిందే ఉంచి, దాని నుంచి పైకి ఈథర్‌నెట్ కేబుల్ వేయాలి. 100 మీటర్ల దాకా అది నిర్దేశిత వేగాన్ని నిలబెడుతుంది.

ఇంటివారి హక్కు ఊడివచ్చే పలక వరకే. దాని వెనక గోడలో ఉన్న భాగం, బయటి నుంచి వచ్చే జత నెట్‌వర్క్ సంస్థ ఓపెన్‌రీచ్‌వి. గీత లేని పాత రకం మాస్టర్ సాకెట్‌కు ఈ విడదీత లేదు. దాన్ని విప్పకుండా కంపెనీతో మార్పించుకోవాలి. అద్దె ఇల్లయితే యజమానికి ముందుగా ఒక మాట చెప్పాలి. పాత ల్యాండ్‌లైన్‌లో మామూలుగా 50 వోల్టులు, గంట మోగేటప్పుడు అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఉరుముల వేళ ఈ పని పెట్టుకోకూడదు.

ఫోన్ రౌటర్‌కు మారాక

ఫోన్ రౌటర్‌కు మారిన ఇంట్లో గోడ సాకెట్లు మూగబోతాయి. వాటిలో ఫోన్ గుచ్చితే శబ్దం రాదు. కాబట్టి ఆ తీగ చచ్చిపోయిందని అనుకుంటారు. మాస్టర్ పలకకు కలిసి ఉన్నంతవరకు అది గంట తీగగా, ఖాళీ కొమ్మగా రొదను తెస్తూనే ఉంటుంది. గొంతు పోయింది కనుక, ఒకప్పుడు లోపాన్ని చెప్పే గరగర కూడా ఇక వినిపించదు. మారిన రోజునే ఆ సగం పలక వెనక తీగలు తీసేయడానికి ఇంతకంటే మంచి అదను లేదు.

పాత సాకెట్లలో ఫోన్ మళ్లీ మోగాలని కొందరు రౌటర్ ఫోన్ పోర్టును ఎక్స్‌టెన్షన్ వైరింగ్‌కు కలుపుతారు. అది చేయవచ్చు. కానీ ముందుగా ఆ వైరింగ్ మాస్టర్ నుంచి పూర్తిగా విడిపోయి ఉండాలి. లేకపోతే రౌటర్ వోల్టేజీ బయటి లైన్ మీదికి ఎక్కుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల అత్యవసర అలారం గానీ దొంగల అలారం గానీ ఉంటే తీగలు విప్పకముందే అది ఏ సాకెట్ నుంచి నడుస్తోందో చూసుకోవాలి. అలారం సంస్థకు ఫోన్ చేసి, రౌటర్ మీద అది పనిచేస్తుందో లేదో తేల్చుకుని, బటన్ నొక్కి ఒకసారి పరీక్షించిన తర్వాతే పలక వెనక చేయి పెట్టాలి.